ముందు ఎలా ఆడతారో చెప్పండి, తర్వాత బేస్ సంగతి చూద్దాం – గేమింగ్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బేస్‌ల (ఆటలో మనం కట్టుకుని ఉండే స్థావరాల) గురించే, అందులోనూ బ్లాకులు తవ్వి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ గురించే. కొన్ని రస్ట్, వాల్‌హైమ్ అనే సర్వైవల్ ఆటలు ఆడేవాళ్ల నుంచి కూడా వచ్చాయి, అవీ కలిపేశాం. అందరూ దాదాపు ఒకటే అడుగుతున్నారు, బెస్ట్ బేస్ ఏది అని. మీరు ఎలా ఆడతారో తెలియకుండా దానికి జవాబు లేదండి, అందుకే కింద చాలా చోట్ల మీ ప్రశ్నకి ముందు నేనే ఒక ప్రశ్న వేశాను.

కొత్తగా మైన్‌క్రాఫ్ట్ మొదలుపెట్టాను. వీడియోల్లో అందరూ కోటలు కడుతున్నారు, నేనేమో మొదటి రాత్రే చచ్చిపోతున్నా. మొదటి రోజు అసలు ఏం కట్టాలి? – ఓ కాలేజీ విద్యార్థిని

మొదటి రోజు ఇల్లు కట్టకండి. నిజంగానే చెప్తున్నా. ఆటలో ఒక రోజంటే మన గడియారంలో 20 నిమిషాలు, అందులో పూర్తి పగలు 10 నిమిషాలే, రాత్రి ఓ 7 నిమిషాలు, మిగిలింది పొద్దు పొడవడం, పొద్దు గుంకడం. ఆ పది నిమిషాల్లో చెట్లు కొట్టాలి, క్రాఫ్టింగ్ టేబుల్ చేసుకోవాలి, పికాక్స్ చేసుకోవాలి, తిండి చూసుకోవాలి, ఇంక గోడలు లేపడానికి టైమ్ ఎక్కడుంది చెప్పండి. వీడియోల్లో కోటలు కట్టేవాళ్లు చాలామంది సామాను అంతా ఊరికే దొరికే క్రియేటివ్ మోడ్‌లో కడతారు, లేదంటే గంటలకొద్దీ ఆడింది కట్ చేసి మనకి రెండు నిమిషాలు చూపిస్తారు.

మీరు చేయాల్సింది ఏంటంటే, దారిలో గొర్రెలు కనిపిస్తే వదలకండి, ఒకే రంగు ఉన్ని మూడు, చెక్క పలకలు మూడు ఉంటే బెడ్ వచ్చేస్తుంది, చీకటి పడగానే పడుకుంటే రాత్రి మొత్తం దాటిపోతుంది, పైగా తర్వాత ఎక్కడ చచ్చినా ఆ బెడ్ దగ్గరే లేస్తారు. గొర్రెలు దొరకలేదా, కొండ పక్కకి వెళ్లి రెండు బ్లాకుల ఎత్తు, మూడు నాలుగు బ్లాకుల లోతు తవ్వి లోపలికి దూరి మట్టితో మూసేయండి. బొగ్గు దొరక్కపోయినా పర్లేదు, ఫర్నేస్‌లో చెట్టు దుంగ కాల్చితే చార్‌కోల్ వస్తుంది, దానితో టార్చ్‌లు చేసుకోవచ్చు, ఒక బొగ్గుకి నాలుగు టార్చ్‌లు. ఇక ఆ రాత్రంతా ఊరికే కూర్చోకుండా లోపలికి తవ్వుకుంటూ పొండి, తెల్లారేసరికి మీ దగ్గర రాయి ఉంటుంది, అదృష్టం ఉంటే ఇనుము కూడా ఉంటుంది. ఆ గుంతే మీ మొదటి బేస్, దాన్ని చూసి సిగ్గుపడక్కర్లేదు, దానికే తర్వాత తలుపు పెట్టి మెట్లు పెట్టి మైన్ ఎంట్రన్స్‌గా వాడుకోవచ్చు.

ఇంటి చుట్టూ గోడ కట్టాను, తలుపులన్నీ మూసే ఉంచుతాను, అయినా తిరిగి వచ్చేసరికి లోపలే క్రీపర్ (దగ్గరికి వచ్చి పేలే శత్రువు) నిలబడి ఉంటోంది. ఎక్కడి నుంచి వస్తోంది? – ఓ పాఠకుడు

బయట నుంచి రావట్లేదండి, మీ ఇంట్లోనే పుడుతోంది. గోడలు మాబ్స్‌ని (ఆటలో తిరిగే జీవుల్ని) ఆపుతాయి గానీ అవి స్పాన్ అవడాన్ని, అంటే పుట్టడాన్ని ఆపవు, దాన్ని ఆపేది వెలుతురు ఒక్కటే. 2021 చివర్లో వచ్చిన 1.18 అప్‌డేట్ తర్వాత ఓవర్‌వరల్డ్‌లో, అంటే మనం మొదలుపెట్టే మామూలు ప్రపంచంలో జాంబీలు, స్కెలిటన్లు, క్రీపర్ల లాంటివి లైట్ లెవెల్ సున్నా ఉన్న చోటే పుడతాయి, అంతకుముందు 7 ఉన్నా పుట్టేవి, కాబట్టి పాత వీడియోలు చూసి ప్రతి ఐదు బ్లాకులకీ ఒక టార్చ్ గుచ్చాల్సిన పని ఇప్పుడు లేదు. టార్చ్ వెలుగు 14, ఒక్కో బ్లాక్ దూరం పోయేకొద్దీ ఒకటి తగ్గుతుంది, అంటే తిన్నగా 13 బ్లాకుల దాకా ఎంతో కొంత వెలుగు ఉంటుంది, 14వ దగ్గర సున్నా. కానీ మూలల విషయంలో జాగ్రత్త, అడ్డంగా ఐదు, నిలువుగా తొమ్మిది దూరంలో ఉన్న మూల అంటే లెక్క 14 అయిపోయినట్టే, అక్కడ చీకటే. మీ క్రీపర్ అలాంటి మూలలోనో, మెట్ల కిందో, అటక మీదో పుట్టి ఉంటుంది.

ఇంకోటి, ఇంటి పైకప్పు. చాలామంది లోపలంతా వెలిగించి కప్పు మర్చిపోతారు. అక్కడ పుట్టిన క్రీపర్ మీరు తలుపు తీయగానే నెత్తి మీదకి దూకుతుంది. కప్పు మీద టార్చ్‌లు బాగోవు అనుకుంటే కింది సగం శ్లాబ్‌లతో వేయండి, లేదా గాజుతో, వాటి మీద మాబ్స్ పుట్టవు. సాలీళ్లు గోడ ఎక్కుతాయి కాబట్టి గోడ పైన బయటికి ఒక బ్లాక్ చూరులాగా పెడితే అక్కడికి వచ్చి ఆగిపోతాయి. జాంబీలు చెక్క తలుపు పగలగొట్టేది కష్టం స్థాయి హార్డ్‌లో పెట్టినప్పుడు మాత్రమే, నార్మల్‌లో ఆడేవాళ్లు ఇనుప తలుపు కోసం కంగారు పడక్కర్లేదు.

ఇంకా క్రీపర్ భయం పోకపోతే పిల్లిని పెంచుకోండి. ఊళ్లలో తిరిగే పిల్లులకి పచ్చి కాడ్ గానీ పచ్చి సాల్మన్ గానీ పెడితే మచ్చిక అవుతాయి, క్రీపర్లు పిల్లి దగ్గరికి రావు, ఫాంటమ్‌లు (పడుకోనివాళ్ల మీదకి ఎగిరి వచ్చే మాబ్స్) కూడా దూరంగా ఉంటాయి. ఐరన్ గోలెమ్ (మనకి కాపలా కాసే ఇనుప బొమ్మ) మిగతా వాటిని బాగా కొడుతుంది గానీ జావా ఎడిషన్‌లో (కంప్యూటర్ వెర్షన్‌లో) క్రీపర్ జోలికి వెళ్లదు, అందుకని నాలుగు ఐరన్ బ్లాకులు పెట్టి గోలెమ్ చేశాం కదా, ఇక నిశ్చింత అనుకోకండి.

బేస్‌కి మంచి ప్లేస్ ఏది? ఊరి పక్కనా, కొండ లోపలా, సముద్రం మీదా? – ముగ్గురు పాఠకులు వేరువేరుగా అడిగారు

ముందు ఇది చెప్పండి, రోజూ ఆట ఓపెన్ చేయగానే మీ చెయ్యి మొదట దేని మీదకి పోతుంది? పికాక్స్ మీదకా, పంట మీదకా, పడవ మీదకా?

మైనింగ్ ఇష్టమైతే కొండ లోపలే ఉండండి, 1.18 తర్వాత ప్రపంచం అడుగు మైనస్ 64 దాకా దిగింది, డైమండ్లు కిందకి పోయేకొద్దీ పెరుగుతాయి, మైనస్ 59 దగ్గర బాగా పడతాయి, కాబట్టి ఇంట్లోంచే కిందకి మెట్లో, నీళ్ల లిఫ్టో ఉంటే తిరగడం తగ్గుతుంది. విలేజర్లతో ట్రేడింగ్ ఇష్టమైతే ఊరి పక్కనే ఉండండి, కానీ ముందు ఊరంతా వెలిగించి కంచె వేయండి, లేకపోతే ఒక్క రాత్రిలో జాంబీలు ఊరిని ఖాళీ చేసేస్తాయి. గొడవలేం వద్దు, ప్రశాంతంగా కట్టుకుంటా అనుకుంటే మష్రూమ్ ఫీల్డ్స్ వెతకండి, ఆ బయోమ్‌లో (ఆ రకం ప్రాంతంలో) శత్రు మాబ్స్ వాటంతట అవి పుట్టవు, దాని కింద గుహల్లో కూడా. దొరకడం కష్టం, ఎక్కువగా సముద్రం మధ్యలో ఉంటాయి, కానీ దొరికితే మాత్రం కట్టేవాళ్లకి అంతకంటే హాయి లేదు.

పంటలు వేసేవాళ్లకి ఒక మాట. మీరు దూరంగా వెళ్లిపోతే ఆ చంక్‌లు (ఆట ప్రపంచాన్ని విడగొట్టే ముక్కలు) ఆగిపోతాయి, పంట పెరగదు. పొలం ఒక చోట, రోజంతా తిరిగే మైన్ ఇంకెక్కడో పెట్టుకుని పంట ఎందుకు రావట్లేదు అని అడిగేవాళ్లు చాలామంది. ఒక నీటి బ్లాక్ నాలుగు వైపులా నాలుగేసి బ్లాకుల నేలని తడుపుతుంది, 9 బై 9 మడి మధ్యలో ఒకటే నీటి గుంట చాలు, ఇంటి వెనకే సరిపోతుంది.

ఏ ప్లేస్ అయినా సరే, కోఆర్డినేట్స్ రాసి పెట్టుకోండి. జావాలో ఎఫ్3 నొక్కితే కనిపిస్తాయి, బెడ్‌రాక్‌లో (ఫోన్లు, కన్సోల్‌లలో కూడా ఆడే ఇంకో వెర్షన్) వరల్డ్ సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. బేస్ పోగొట్టుకున్నా అని రాసినవాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరిదీ ఇదే సమస్య. ఇంటి ముందు క్యాంప్‌ఫైర్ పెట్టి దాని కింద గడ్డిమోపు బ్లాక్ పెడితే పొగ మామూలు కంటే చాలా ఎత్తుకి లేస్తుంది, దూరం నుంచి గుర్తుపట్టడానికి బావుంటుంది.

నేనూ మా తమ్ముడూ ఒకే వరల్డ్‌లో ఆడతాం. నేను ఇల్లు కడుతూ ఉంటాను, వాడు ఒక్క క్షణం ఇంట్లో ఉండడు, ఎక్కడెక్కడో తిరిగి చచ్చిపోయి వస్తాడు, నా చెస్ట్‌లోంచి ఇనుము తీసుకుని మళ్లీ పోతాడు. నేను రాత్రి పడుకుందాం అంటే వాడు పడుకోడు. రోజూ గొడవే. ఏం చేయాలి? – ఓ అక్క

నాకు ఈసారి బాగా నచ్చిన ఉత్తరం ఇదేనమ్మా, ఎందుకంటే ఇందులో తప్పు ఎవరిదీ కాదు, మీరిద్దరూ ఒకే వరల్డ్‌లో రెండు వేర్వేరు ఆటలు ఆడుతున్నారు.

ఇది కొత్త విషయం కాదు. రిచర్డ్ బార్టిల్ అని, 1978లో మొదలైన మడ్ అనే టెక్స్ట్ గేమ్‌ని రాయ్ ట్రబ్‌షాతో కలిసి చేసినాయన, 1996లో ఆటగాళ్లని నాలుగు రకాలుగా విడగొట్టాడు. సాధించేవాళ్లు, వెతికేవాళ్లు, కలిసి కబుర్లు చెప్పుకునేవాళ్లు, ఇంకొకరి మీద పడి కొట్టేవాళ్లు. అది అందరూ కలిసి ఆడే టెక్స్ట్ గేమ్స్ చూసి చెప్పింది, కాబట్టి మీలాగా కట్టేవాళ్లు అందులో సరిగ్గా ఎక్కడా ఇమడరు, నన్నడిగితే ఇలా ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ఆడే శాండ్‌బాక్స్ ఆటలకి కట్టేవాళ్లని ఐదో రకంగా కలపాలి. మీ తమ్ముడు మాత్రం అచ్చం వెతికేవాడే. వాణ్ణి ఇంట్లో కూర్చోమంటే వాడికి ఆట లేనట్టే, మిమ్మల్ని గుహల్లో తిరగమంటే మీకూ అంతే.

కాబట్టి బేస్‌ని ఇద్దరి ఆటకీ సరిపోయేలా మార్చండి. ఇల్లు మీది. దాని గేటు దగ్గర వాడికి ఒక గది ఇవ్వండి, అందులో ఒక బెడ్, రెండు చెస్ట్‌లు, ఫర్నేస్, క్రాఫ్టింగ్ టేబుల్, అంతే. ఆ చెస్ట్‌లో ఉన్నది వాడు అడక్కుండా తీసుకోవచ్చు, మిగతా ఇంట్లోది అడిగి తీసుకోవాలి, ఈ ఒక్క రూల్‌తో సగం గొడవ పోతుంది. ఇనుము ఊరికే ఇవ్వకండి, బదులుగా లిస్ట్ ఇవ్వండి, బ్యాడ్‌ల్యాండ్స్ నుంచి టెర్రకోటా, చల్లటి చోట్ల నుంచి ప్యాక్డ్ ఐస్, చెర్రీ గ్రోవ్ నుంచి ఆ గులాబీ రంగు చెక్క, మీకు కట్టడానికి రంగులు కావాలి, వాడికి వెళ్లడానికి ఒక కారణం కావాలి, రెండూ కుదురుతాయి.

వాడు దూరం వెళ్లే చోట చిన్న చిన్న ఔట్‌పోస్టులు పెట్టించండి, బెడ్, చెస్ట్, చుట్టూ గోడ, మీద కప్పు, ఇంక అలంకారాలేం వద్దు. ఔట్‌పోస్ట్ బెడ్‌లో పడుకుంటే రీస్పాన్, అంటే చచ్చాక లేచే చోటు అక్కడికి మారిపోతుందని వాడికి చెప్పండి. నెదర్‌లో (పోర్టల్ దాటి వెళ్లే నిప్పుల లోకం) ఒక బ్లాక్ నడిస్తే బయట 8 బ్లాకులు నడిచినట్టు, అంటే వెయ్యి బ్లాకుల దూరంలో ఉన్న ఔట్‌పోస్టుకి నెదర్‌లో 125 బ్లాకుల సొరంగం చాలు. ఆ సొరంగం కట్టే పని మీరు తీసుకోండి, కట్టేవాళ్లకి అది చాలా మంచి ప్రాజెక్ట్, వాడికి మీరు చేసిన పెద్ద సాయం కూడా. కాబుల్‌స్టోన్‌తో కట్టండి, అక్కడ ఎగిరే గాస్ట్ అనే మాబ్ విసిరే నిప్పు ముద్దలకి అది పగలదు, నెదర్‌రాక్ అయితే ఇట్టే పోతుంది. ఎండర్ చెస్ట్ చేసుకునే స్థాయికి వస్తే ఇద్దరికీ చెరొకటి, అందులో పెట్టింది ఎవరిది వాళ్లకే కనిపిస్తుంది, ఏ ఎండర్ చెస్ట్ తెరిచినా తమ సామానే వస్తుంది, ఇక దొంగతనం మాటే రాదు.

పడుకునే గొడవకి జావాలో ఒక గేమ్‌రూల్ ఉంది, ఎంత శాతం మంది పడుకుంటే తెల్లారాలి అనేది మార్చుకోవచ్చు, 50 పెడితే మీరొక్కరే పడుకున్నా చాలు. కానీ వాడు మరీ మూడు రాత్రులు దాటి పడుకోకపోతే ఫాంటమ్‌లు వాడి చుట్టూ రావడం మొదలవుతుంది, అప్పుడు వాడు మీ కప్పు మీదకి వచ్చి నిలబడితే పక్కనున్న మీకూ దెబ్బలు పడతాయి, అందుకని అప్పుడప్పుడూ పడుకోమని చెప్పండి.

ఇంకో మాట, ఇది నిజంగా ముఖ్యం. ఎవరి గోడని వాళ్లని అడక్కుండా ఇంకొకరు మార్చకూడదు, బాగుచేద్దామని అనిపించినా సరే. కలిసి ఆడే వరల్డ్‌లు చాలా వరకు ఆగిపోయేది క్రీపర్ల వల్ల కాదు, దీనివల్లే.

మా బాబు పీస్‌ఫుల్ మోడ్‌లోనే ఆడతాడు, వాళ్ల ఫ్రెండ్స్ అది అసలు ఆట కాదు, చీటింగ్ అంటున్నారట. బాబు బాధపడుతున్నాడు. – ఓ తల్లి

చీటింగ్ అస్సలు కాదండీ. ఆట చేసినవాళ్లే మెనూలో పెట్టిన ఆప్షన్ అది. పీస్‌ఫుల్‌లో శత్రు మాబ్స్ ఉండవు, ఆకలి తగ్గదు, దెబ్బలు వాటంతట అవే మానతాయి, మిగతాదంతా సర్వైవలే, చెట్టు కొట్టాలి, తవ్వాలి, కాల్చాలి, సామాను పోగేయాలి. ఒక్కటి మాత్రం బాబుకి తెలియాలి, బ్లేజ్‌ల లాంటి శత్రు మాబ్స్ రావు కాబట్టి బ్లేజ్ రాడ్ లాంటి కొన్ని వస్తువులు ఆ మోడ్‌లో దొరకవు, అవి కావాలనుకున్న రోజు కాసేపు ఈజీకి మార్చుకుని మళ్లీ వెనక్కి వచ్చేయొచ్చు. ఫ్రెండ్స్ వరల్డ్‌లోకి వెళ్లినప్పుడు వాళ్ల రూల్, మన వరల్డ్‌లో మన రూల్. చచ్చిపోతే సామాను పోతుందన్న భయమే అయితే కీప్ ఇన్వెంటరీ ఆన్ చేయండి. బెడ్‌రాక్‌లో చీట్స్ ఆన్ చేస్తే ఆ వరల్డ్‌లో అచీవ్‌మెంట్స్ రావడం ఆగిపోతుంది, అది బాబుని అడిగే చేయండి.

నేను ఎంత కట్టినా డబ్బాలాగే ఉంటుంది. వీడియో చూసి కాపీ కొడితే బాగుంటుంది, సొంతంగా అయితే రాదు. – ఓ పాఠకుడు

డబ్బాలా ఉండటానికి కారణం గోడ అంతా ఒకే వరసలో ఉండటం. ఒక్క మార్పు చేసి చూడండి, మూలల్లో, మధ్యలో దుంగలతో స్తంభాలు పెట్టి, గోడని వాటికంటే ఒక బ్లాక్ లోపలికి జరపండి. అంతే, నీడ పడుతుంది, లోతు వస్తుంది. కప్పు కూడా గోడ దగ్గరే ఆపేయకుండా ఒక బ్లాక్ బయటికి తీయండి. కిటికీ చుట్టూ ట్రాప్‌డోర్లు పెడితే రెక్కల్లా కనిపిస్తాయి. కింద రాయి, మధ్యలో చెక్క, పైన ఇంకో ముదురు రంగు చెక్క, ఇలా మూడు నాలుగు రకాల బ్లాకులకే కట్టుబడండి, చెస్ట్‌లో ఉన్నవన్నీ ఒకే గోడకి పెట్టాలని చూడకండి. రాతి గోడ మరీ సాదాగా ఉంటే కింద కాబుల్‌స్టోన్ ఎక్కువగా, పైకి పోయేకొద్దీ మామూలు రాయి, మధ్యమధ్యలో యాండిసైట్ కలిపితే పాతబడ్డ గోడలా వస్తుంది.

వెడల్పు ఎప్పుడూ బేసి సంఖ్యలో తీసుకోండి, 7, 9, 11 అలా, అప్పుడు తలుపు సరిగ్గా మధ్యలో పడుతుంది, కప్పు కొన కూడా మధ్యలో ఒకే బ్లాక్ మీద కలుస్తుంది. 8 తీసుకుంటే రెండు తలుపులు పెట్టాల్సి వస్తుంది, అది కూడా బాగుంటుంది గానీ అనుకుని చేయాలి.

అయితే అసలు సంగతి ఇది కాదు. మీరు వీడియో చూసి కాపీ కొట్టిన ఇల్లు ఎందుకు బాగుందో, మీది ఎందుకు లేదో తెలుసా, ఆ ఇంట్లో ప్రతి గదికీ ఒక పని ఉంది. మీరు ముందు గోడలు కట్టి తర్వాత లోపల ఏం పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. తిరగేయండి. ముందు నేల మీద మీ ఆటకి కావాల్సినవి పరిచేయండి, స్టోరేజ్ ఇక్కడ, ఫర్నేస్‌లు ఇక్కడ, ఎన్‌చాంటింగ్ టేబుల్, దాని చుట్టూ 15 బుక్‌షెల్ఫ్‌లు, మైన్‌కి దిగే దారి, బెడ్. ఓ రెండు రోజులు గోడలు లేకుండానే కంచె వేసుకుని అలాగే వాడండి. ఎటు నుంచి ఎటు ఎక్కువ నడుస్తున్నారో తెలిసిపోతుంది. అప్పుడు వాటి చుట్టూ గోడలు లేపండి. ఒక గది ముందుకి వస్తుంది, ఇంకోటి ఎత్తుగా లేస్తుంది, ఆకారం దానంతట అదే వస్తుంది, అది ఏ వీడియోలోనూ ఉండదు ఎందుకంటే మీలాగా ఆడేది మీరే.

చెస్ట్‌లు నలభై ఉన్నాయి, ఏది ఎక్కడుందో తెలియదు. – ఓ పాఠకురాలు

ఐటమ్ పేరును బట్టి కాకుండా ఎప్పుడు వాడతారో దాన్ని బట్టి సర్దండి. కట్టేటప్పుడు కావాల్సినవి ఒక గోడ, బయటికి వెళ్లేటప్పుడు కావాల్సినవి తలుపు పక్కన, తిండి పొయ్యి పక్కన. ప్రతి చెస్ట్ మీద ఐటమ్ ఫ్రేమ్ పెట్టి లోపల ఏముందో అది తగిలించండి. ఒకటి తలుపు దగ్గర "తర్వాత సర్దుతా" చెస్ట్‌గా వదిలేయండి, తిరిగి రాగానే అన్నీ అందులో పడేసి తీరిగ్గా సర్దుకోవచ్చు. చోటు తక్కువైతే బ్యారెల్స్ వాడండి, వాటిలోనూ 27 గడులే, కానీ పైన బ్లాక్ ఉన్నా తెరుచుకుంటాయి, అందుకని గోడలోపల కూడా పెట్టొచ్చు. పిల్లిని స్టోరేజ్ గదిలోకి రానివ్వకండి, చెస్ట్ మీద కూర్చుంటే అది లేచేదాకా చెస్ట్ తెరుచుకోదు.

రస్ట్‌లో రాత్రి లాగ్‌ఔట్ చేసి పొద్దున వచ్చేసరికి బేస్ మొత్తం రెయిడ్ చేసేశారు (పగలగొట్టి దోచేశారు). సోలోగా, ఒక్కణ్ణే ఆడతాను. సోలో వాళ్లకి ఈ ఆట పనికిరాదా? – ఓ పాఠకుడు

మీ బాధ అర్థమైంది. రస్ట్‌లో మీరు లాగ్‌ఔట్ అయినా మీ శరీరం అక్కడే నిద్రపోతూ ఉంటుంది, మీ బేస్ కూడా అక్కడే ఉంటుంది, అదే ఆ ఆట. సోలోగా ఆడొచ్చు, కాకపోతే గ్రూప్ వాళ్ల బేస్ చూసి అలాంటిది కట్టాలని చూడకూడదు. పెద్ద బేస్ అంటే టూల్ కబోర్డ్‌లో (గోడలు నిలబడటానికి సామాను వేసే బీరువాలో) రోజూ వేయాల్సిన సామాను కూడా పెద్దదే, బ్లాకులు పెరిగేకొద్దీ ఖర్చు రేటు కూడా పెరుగుతుంది, ఒక్కరే అయితే మీ టైమ్ మొత్తం దానికే పోతుంది, అది అయిపోయిందా గోడలు వాటంతట అవే కూలడం మొదలవుతుంది.

చిన్నగా కట్టి గట్టిగా చేయండి. రెయిడ్‌కి వచ్చేవాళ్లు ఖర్చు లెక్క వేసుకునే వస్తారు, ఎక్కువగా తలుపుల్లోంచే వస్తారు ఎందుకంటే గోడ కంటే తలుపు పగలగొట్టడం చవక. అందుకని చెక్క తలుపులు తొందరగా రేకు తలుపులకి మార్చండి, లూట్ (పోగేసిన సామాను) గది దాకా ఒకదాని వెనక ఒకటి తలుపులు ఉండాలి. మొదటి తలుపు దగ్గర ఎయిర్‌లాక్ తప్పనిసరి, అంటే రెండు తలుపులు, ఒకటి మూసాకే రెండోది తీయాలి, బయట ఎవరైనా కాపు కాసి మిమ్మల్ని కాల్చినా లోపలికి పోలేరు. రాతి గోడలకి మెత్తటి వైపు ఒకటి ఉంటుంది, అది లోపలికే ఉండేలా చూసుకోండి, బయటికి ఉంటే పేలుడు సామాను లేకుండా మామూలు పనిముట్లతోనే గీకి గీకి పడగొట్టేస్తారు. మధ్య గది చుట్టూ ఖాళీ గదుల వరస ఒకటి, తేనెపట్టు అంటారు కదా అదే, దానికి ఖర్చు పెట్టడం అందానికి పెట్టడం కంటే మేలు.

లూట్ అంతా ఒకే గదిలో పెట్టకండి. కొంత బయట నేలలో చిన్న స్టాష్‌లో పాతిపెట్టండి, స్లీపింగ్ బ్యాగ్‌లు బేస్ బయట కూడా ఒకటి రెండు వేసుకోండి. ఇంకా నెలకొకసారి, మొదటి గురువారం వచ్చే అప్‌డేట్‌తో మ్యాప్‌లన్నీ వైప్ అవుతాయి (కట్టిందంతా చెరిగిపోయి మళ్లీ మొదటికి వస్తుంది), చాలా సర్వర్లు వారానికో, రెండు వారాలకో కూడా చేస్తాయి. అంటే ఆ ఆటలో ఏ బేస్ అయినా కొన్నాళ్ల ముచ్చటే. కట్టింది ఉండిపోవాలి అనిపించే మనసైతే మీకు రస్ట్ ప్రతి నెలా బాధే పెడుతుంది, అందులో తప్పేం లేదు, వాల్‌హైమ్ లాంటిది చూడండి. పోయినా పర్లేదు, మళ్లీ మొదటి రోజు ఆ పరుగు, ఆ టెన్షన్ కావాలి అనుకుంటే ఇదే మీ ఆట.

వాల్‌హైమ్‌లో ఇంట్లో నిప్పు పెట్టగానే ప్రాణం తగ్గిపోతోంది, పెట్టకపోతే రెస్టెడ్ (విశ్రాంతి తీసుకుంటే వచ్చే బలం) రావట్లేదు. – ఓ పాఠకుడు

అది పొగ. ఆ ఆటలో పొగ నిజంగానే పోగవుతుంది, బయటికి దారి కావాలి. నిప్పుకి సరిగ్గా పైన కప్పులో కంత వదిలి, ఆ కంతకి ఒక మెట్టు పైన ఇంకో చిన్న కప్పు వేయండి, పక్కల నుంచి పొగ పోతుంది, వాన లోపలికి రాదు. పొడుగ్గా కట్టేటప్పుడు దూలాల రంగు చూస్తూ ఉండండి, నీలం అంటే నేలకి ఆనుకుని ఉంది, ఎరుపు అంటే ఇక దాని మీద ఏం నిలబడదు. చెక్క వానలో తడిస్తే సగం దాకా పాడవుతుంది, అంతకంటే తగ్గదు, కంగారొద్దు, పైన కప్పు ఉంటే చాలు.

ప్రతిసారీ బేస్ సగం కట్టగానే బోర్ కొట్టి కొత్త వరల్డ్ మొదలుపెడుతున్నా. నాకేమైనా ప్రాబ్లమా? – ఓ పాఠకుడు

ప్రాబ్లమేం లేదు, మీకు మొదటి కొన్ని రోజుల ఆటే ఇష్టం. ఏమీ లేని చోట నుంచి మొదలుపెట్టి నిలదొక్కుకోవడం. అలాంటివాళ్లు పెద్ద బేస్ ప్లాన్ వేసుకోవడమే తప్పు. అదే వరల్డ్‌లో ఉండి, బ్యాగ్ ఖాళీ చేసి, అన్నీ ఇంట్లో వదిలి ఒక దిక్కుకి చాలా దూరం నడవండి, అక్కడ మళ్లీ చెక్కతో మొదలుపెట్టండి, నిలదొక్కుకున్నాక దాన్ని ఊరిలాగా వదిలేసి ఇంకో దిక్కు. కొన్నాళ్లకి ఒకే వరల్డ్‌లో మీ ఊళ్లు నాలుగైదు ఉంటాయి, ఎడారిలో ఒకటి, మంచులో ఒకటి, వాటిని రోడ్లతో కలపాలన్న కోరిక దానంతట అదే పుడుతుంది, పుట్టకపోయినా నష్టం లేదు. ఇంకా సవాలు కావాలంటే హార్డ్‌కోర్ ఉంది, ఒకటే ప్రాణం, మొదటి రాత్రి భయం మళ్లీ వస్తుంది.

నెదర్‌లో బేస్ కట్టి బెడ్ వేస్తే పేలిపోయింది, ఎందుకు? – ఓ చిన్నారి పాఠకుడు

నెదర్‌లోనూ ఎండ్ అనే ఇంకో లోకంలోనూ బెడ్ మీద పడుకోబోతే పేలుతుంది నాన్నా, అది ఆట రూల్. నెదర్‌లో రీస్పాన్ కావాలంటే రీస్పాన్ యాంకర్ చేసుకో, క్రయింగ్ అబ్సిడియన్ ఆరు, గ్లోస్టోన్ మూడు కావాలి, చేశాక అందులో మళ్లీ గ్లోస్టోన్ వేసి చార్జ్ చేయాలి, నాలుగు చార్జ్‌లు పడతాయి, చచ్చిన ప్రతిసారీ ఒకటి ఖర్చవుతుంది. దాన్ని మాత్రం బయట ఓవర్‌వరల్డ్‌లో వాడొద్దు, అక్కడ అది పేలుతుంది. ఇంకా పిగ్లిన్‌లు (నెదర్‌లో ఉండే పందిలాంటి మాబ్స్) చూస్తుండగా చెస్ట్ తెరవకు, వాటికి కోపం వస్తుంది, నువ్వు బంగారం హెల్మెట్ పెట్టుకున్నా సరే. చెస్ట్‌లు గోడ చాటున పెట్టుకో.